ఎనిమిది పాయింట్లతో గ్రాండ్ స్లామ్: ఒక చేతి ముక్కల చరిత్ర

ముందు ఒక ప్రశ్న అడుగుతా, వీడియో ఆపి పది సెకన్లు ఆలోచించండి.

పేకలో ఆసుకి 4 పాయింట్లు, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1 అని లెక్క వేద్దాం. ఒక్కో రంగులో 10, నాలుగు రంగులకి 40. ఇప్పుడు నలుగురు ఆడుతున్నారు, ఇద్దరిద్దరు ఒక జట్టు. ఒకాయన చేతిలోనే 31 పాయింట్లు ఉన్నాయి. ఎదుటి జట్టులో ఒకడికి 8, వాడి పార్ట్‌నర్‌కి సున్నా. ఇలాంటి ఆటలో ఎవరు గెలుస్తారు?

31 అన్నారు కదా. ఆ 31 ఉన్నాయన కూడా అలాగే అనుకున్నాడు. ఒక్క ట్రిక్కు కూడా రాలేదు ఆయనకి. పదమూడుకి పదమూడూ ఎదుటివాళ్లే పట్టుకుపోయారు.

ఈరోజు కథ ఆ ముక్కలదే. ఈ పంపకం మొదట ఇంగ్లాండ్‌లో ఒక రాజకుటుంబీకుడి కొంప ముంచిందని చెబుతారు. తర్వాత ఒక జేమ్స్ బాండ్ నవలలోకి ఎక్కింది. ఆఖర్న, దీనికి పూర్తి వ్యతిరేకమైన ఒక నిజం ఆట చూద్దాం. 1975లో ఒక ప్రపంచ కప్పు ఫైనల్‌ని అటూ ఇటూ ఊపేసిన స్లామ్ అది.

బ్రిడ్జ్ ఆడనివాళ్లు భయపడకండి, రెండు నిమిషాల్లో రూల్స్ చెప్పేస్తా. అసలు ఇందులో సగం మాటలు మీకు వచ్చు. తురుపు ముక్క అంటాం కదా, పేకాట రానివాళ్లు కూడా వాడే మాట. ట్రంప్ అన్నా అదే. మన ఇస్పేటు, ఆటీను, డైమను, కళావరు ఉన్నాయి కదా, అందులో కళావరుని డచ్చి భాషలో క్లావర్ అంటారు, ఆటీనుని హార్టెన్ అంటారు. డచ్చి వర్తకులు 1600ల మొదట్లోనే మచిలీపట్నంలో దిగి కొట్లు పెట్టారు. ఆ పోలిక ఎక్కడిదో మీరే ఊహించుకోండి.

ఇక ఆట. ఒక్కొక్కరికి 13 ముక్కలు. ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు పార్ట్‌నర్లు. ఒకరు ఒక ముక్క వేస్తారు, అదే రంగు ఉన్నవాళ్లు అదే రంగు వెయ్యాలి, పెద్ద ముక్క వేసినవాడిది ఆ ట్రిక్కు. ఆ రంగు లేనివాడు తురుపు వేసి కట్ చెయ్యొచ్చు. మొత్తం 13 ట్రిక్కులు. ఆట మొదలవ్వకముందే వేలంపాట ఉంటుంది: మేం ఇన్ని ట్రిక్కులు పడతాం, ఈ రంగు తురుపు, అని మాట ఇవ్వాలి. మొదటి ఆరు ట్రిక్కులు లెక్కలోకి రావు, ఆ పైన ఎన్ని అన్నదే బిడ్. అంటే ‘సిక్స్’ అన్నవాడు 12 పట్టాలి, అది స్మాల్ స్లామ్. ‘సెవెన్’ అన్నవాడు 13 పట్టాలి, అది గ్రాండ్ స్లామ్. ఒక్కటి తగ్గినా మాట తప్పినట్టే, పాయింట్లు ఎదుటివాళ్లకి.

వేలం గెలిచినవాడి పార్ట్‌నర్ తన ముక్కలన్నీ బల్ల మీద పరిచేసి చేతులు కట్టుకుని కూర్చుంటాడు. వాడిని డమ్మీ అంటారు. వేలం గెలిచినవాడే రెండు చేతులూ ఆడతాడు. ఇది గుర్తుపెట్టుకోండి. ఈ ఆటలో ప్లానింగ్ అనేది పుట్టిందే ఇక్కడ. డమ్మీ పరుచుకున్నాక, మొదటి ముక్క ముట్టుకోకముందు, ఆగి ఆలోచించే ఆ అర నిమిషం ఉంది చూశారూ, స్లామ్ గెలిచేదీ ఓడేదీ అందులోనే.

ఇప్పుడు వెనక్కి వెళ్దాం. బ్రిడ్జ్ పుట్టకముందు ఇంగ్లాండ్‌లో విస్ట్ అనే ఆట ఉండేది. 1742లో ఎడ్మండ్ హోయల్ దీని మీద చిన్న పుస్తకం రాసి పేరు తెచ్చుకున్నాడు. విస్ట్‌లో డమ్మీ లేదు, వేలం లేదు. పంచేవాడికి పడ్డ ఆఖరి ముక్క ఏ రంగైతే అదే తురుపు. ఎవరి ముక్కలు వాళ్లకే తెలుసు. అంతా చీకట్లో నడక.

ఆ రోజుల్లో డ్యూక్ ఆఫ్ కంబర్లాండ్ బిరుదున్న ఒకాయన గురించి పేకాట పుస్తకాలన్నీ ఒక కథ చెబుతాయి. దీన్ని కథగానే తీసుకోండి, కోర్టు రికార్డులాగా కాదు. బాత్ అనే ఊళ్లో, పేకాట మోసగాళ్ల ముఠా ఒకటి ఆయనకి సర్ది పెట్టిన పేక పంచింది. ఆయన చేతిలో ఏం పడ్డాయంటే: ఇస్పేటు ఆసు, రాజు, రాణి. ఆటీను ఆసు, రాజు, రాణి, జాకీ. డైమను ఆసు, రాజు. తురుపు కళావరు, అందులో రాజు, జాకీ, తొమ్మిది, ఏడు.

మీకు ఇలాంటి ముక్కలు పడితే ఏం చేస్తారు? ఇంటి కాగితాలు తెచ్చి బల్ల మీద పెడతారు. ఆయన దాదాపు అదే చేశాడు, 20,000 పౌండ్లు పందెం కాశాడని చెబుతారు. ఒక్క ట్రిక్కూ రాలేదు.

ఎలా? ఆయనకి ఎడమ పక్కన కూర్చున్నవాడి చేతిలో రెండే రంగులు: కళావరు ఆసు, రాణి, పది, ఎనిమిది, మిగతా తొమ్మిదీ డైమన్లు. కుడి పక్కవాడి చేతిలో ఒక్క డైమను కూడా లేదు, కానీ చిన్న చిన్న తురుపులు ఐదు ఉన్నాయి. డ్యూక్ మంచి ఆటగాడిలాగే ఆలోచించాడు. నా దగ్గర అన్నీ ఆసులూ రాజులే, వీటిని ఎవడో తురుపుతో కట్ చెయ్యకుండా ఉండాలంటే ముందు తురుపులు లాగెయ్యాలి. అలా అనుకుని కళావరు ఏడు వేశాడు.

ఎడమవాడు ఎనిమిదితో పట్టాడు. డైమను వేశాడు, కుడివాడు కట్ చేశాడు, డ్యూక్ గారి డైమను రాజు పడిపోయింది. కుడివాడు తురుపు వేశాడు. డ్యూక్ తొమ్మిది వేస్తే ఎడమవాడు పది. మళ్లీ డైమను, మళ్లీ కట్, డైమను ఆసు కూడా పోయింది. మళ్లీ తురుపు, జాకీ మీద రాణి. ఆ పైన ఆసు వేస్తే రాజు కూడా ఊడి పడింది. ఇంక డ్యూక్ చేతిలో తురుపు లేదు. ఎడమవాడి చేతిలో ఏడు డైమన్లు మిగిలాయి, ఇంకెవరి దగ్గరా డైమను లేదు. వరసగా ఏడూ వేసుకున్నాడు. డ్యూక్ గారి ఇస్పేటు రాజులూ ఆటీను రాణులూ చేతిలో ఉండగానే చచ్చిపోయాయి.

మోసం సరే. నాకు ఈ కథలో నచ్చేది ఇంకోటుంది. మీరు పేక తీసి పరిచి చూడండి. డ్యూక్ మొదట తురుపు కాకుండా ఇంకేది వేసినా ఆయనకి కనీసం ఒక ట్రిక్కు వచ్చేది. ఇస్పేటు గానీ ఆటీను గానీ వేస్తే ఎడమవాడు ఒక తురుపు ఖర్చు పెట్టి కట్ చెయ్యాలి. అప్పుడు వాడికి మిగిలేది మూడు తురుపులు, డ్యూక్‌కి నాలుగు. మూడుతో నాలుగింటినీ లాగలేరు కదా. డైమను వేసినా అంతే. కుడివాడు కట్ చేసి తురుపు వెయ్యడం మొదలెడతాడు గానీ, మూడో డైమను వచ్చేసరికి డ్యూక్ చేతిలో డైమన్లు అయిపోయి, ఆయనే పెద్ద తురుపుతో కొట్టేస్తాడు. తురుపు వేస్తే మాత్రమే, ఏ తురుపైనా సరే, పదమూడూ పోతాయి. ఎందుకంటే మోసగాళ్లకి ఆయన తురుపుల మీద మూడు దెబ్బలు కావాలి, కుడివాడు డైమన్లు కట్ చేసి చేతికి తెచ్చుకోగలిగేది రెండే. మూడో దెబ్బ డ్యూక్ గారే సొంత చేత్తో ఇచ్చారు.

అలా అని ఆయన్ని తప్పు పట్టలేం. ఆయనకి ఏమీ కనపడలేదు. విస్ట్‌లో మొదటి ముక్క అంటే గుడ్డి దెబ్బే.

విస్ట్ మెల్లిగా మారుతూ వచ్చింది. డమ్మీ వచ్చింది, తర్వాత వేలం వచ్చి ఆక్షన్ బ్రిడ్జ్ అయింది. కానీ ఆక్షన్‌లో ఒక సుఖం ఉండేది. మీరు తక్కువకి పాడి, ఆడుతుండగా 12 ట్రిక్కులు వచ్చాయనుకోండి, స్లామ్ బోనస్ ఇచ్చేసేవారు. ముందు చెప్పక్కర్లేదు. పరీక్ష రాశాక ‘నేను ఫస్ట్ క్లాస్‌కే రాశా’ అన్నట్టు.

1925 అక్టోబర్ ఆఖర్లో లాస్ ఏంజెలెస్ నుంచి పనామా కాలువ మీదుగా హవానా వెళ్తున్న ఎస్.ఎస్. ఫిన్లాండ్ అనే ఓడలో ఇది మారిపోయింది. ఓడలో హెరాల్డ్ వాండర్‌బిల్ట్ ఉన్నాడు. అమెరికా రైల్వే కోటీశ్వరుల వంశం, పడవ పందేల్లో కూడా మేటి, తర్వాతి కాలంలో అమెరికాస్ కప్ మూడుసార్లు గెలిచాడు. ఫ్రాన్స్‌లో ప్లాఫాన్ అనే ఆట ఉండేది, అందులో మీరు ఎంత పాడితే అంతే లెక్క. వాండర్‌బిల్ట్ ఆ ఐడియా తీసుకుని, స్కోరింగ్ మొత్తం తిరగ రాసి, ముగ్గురు స్నేహితులని కూర్చోబెట్టి ఆడించాడు. కొత్త రూల్ సింపుల్: స్లామ్ బోనస్ కావాలా? ముందే మాట ఇవ్వు. ఇచ్చి నిలబెట్టుకుంటే భారీగా ఇస్తా. మాట ఇవ్వకుండా 13 పట్టినా స్లామ్ బోనస్ లేదు. ఓడలో ఉన్న ఒక అమ్మాయి, ఇప్పటికే గెలుపు దగ్గరికి వచ్చిన జట్టుకి ‘వల్నరబుల్’ అనే మాట సూచించింది, అది నేటికీ వాడుతున్నారు.

ఇప్పటి లెక్కలో వల్నరబుల్‌గా ఉన్నప్పుడు స్మాల్ స్లామ్‌కి బోనస్ 750, గ్రాండ్ స్లామ్‌కి 1500. ఒక్క ట్రిక్కు తగ్గితే అదంతా పోయి, ఎదురు ఫైన్ కట్టాలి. కాంట్రాక్ట్ బ్రిడ్జ్ అన్న పేరులోనే ఉంది చూడండి, కాంట్రాక్ట్ అని. అప్పటిదాకా స్లామ్ ఒక అదృష్టం. ఆ ఓడ ప్రయాణం తర్వాత అది ఒక ప్రమాణం. ప్రమాణం చేశాక ప్లాన్ లేకుండా కుదరదు కదా.

ఇప్పుడు బాండ్ దగ్గరికి. 1955లో ఇయాన్ ఫ్లెమింగ్ రాసిన ‘మూన్‌రేకర్’ నవల వచ్చింది. అదే పేరుతో 1979లో వచ్చిన సినిమా చూసి ఉంటే, ఇందులో పేకాట ఎక్కడుందీ అంటారు. సినిమాలో లేదు. అంతరిక్షం, లేజర్ తుపాకులు పెట్టి, నవలలో గొప్ప సీన్ తీసేశారు. నా మటుకు నాకు అది పెద్ద నష్టమే.

నవలలో సర్ హ్యూగో డ్రాక్స్ అనే కోటీశ్వరుడు, దేశం కోసం రాకెట్ కడుతున్న హీరో. లండన్‌లో బ్లేడ్స్ అనే క్లబ్బులో బ్రిడ్జ్ ఆడుతూ మోసం చేస్తున్నాడని అనుమానం. బాండ్ బాస్ ఎమ్, ఇది బయటపడితే దేశం పరువు పోతుందని, గుట్టుగా బుద్ధి చెప్పమని బాండ్‌ని తీసుకెళ్తాడు. డ్రాక్స్ పంచేటప్పుడు వెండి సిగరెట్ పెట్టె అద్దంలా వాడి ముక్కలు చూస్తున్నాడని బాండ్ కనిపెడతాడు. ముల్లుని ముల్లుతోనే తియ్యాలి కదా. బాండ్ తన జేబులోంచి సర్ది పెట్టిన పేకని మార్చేస్తాడు.

డ్రాక్స్‌కి పడ్డవి ఇవి: ఇస్పేటు ఆసు, రాజు, రాణి, జాకీ. ఆటీను ఆసు, రాజు, రాణి, జాకీ. డైమను ఆసు, రాజు. కళావరు రాజు, జాకీ, తొమ్మిది. మొత్తం 31 పాయింట్లు. డ్యూక్ గారి ముక్కలే, కొంచెం మార్పుతో. బాండ్ చేతిలో ఎనిమిది డైమన్లు, రాణి నుంచి కిందకి. ఐదు కళావర్లు: ఆసు, రాణి, పది, ఎనిమిది, నాలుగు. ఎమ్ చేతిలో పది కన్నా పెద్ద ముక్కే లేదు. డైమన్లు అసలే లేవు, చిన్న కళావర్లు మాత్రం ఐదున్నాయి.

బాండ్ ‘సెవెన్ క్లబ్స్’ అన్నాడు. అంటే కళావరు తురుపు, పదమూడు ట్రిక్కులూ మావే. డ్రాక్స్ నవ్వి డబుల్ అన్నాడు. బాండ్ రీడబుల్ అన్నాడు. పందెం దాదాపు 15,000 పౌండ్లు.

సరే, ఇప్పుడు మీరే బాండ్. డమ్మీ పరిచారు. ప్లాన్ ఏంటి?

మొదట బెంగ ఎక్కడుందో చూడాలి. మన తురుపులో రాజు లేదు, జాకీ లేదు. అవి రెండూ డ్రాక్స్ దగ్గర. డైమన్లలో ఆసు, రాజు లేవు. అవీ డ్రాక్స్ దగ్గరే. నాలుగు ట్రిక్కులు పోయేలా ఉన్నాయి, ఒక్కటి పోయినా ప్రమాణం పోయినట్టే.

తురుపు రాజుని పట్టాలంటే తురుపు డమ్మీ చేతి నుంచి రావాలి. అప్పుడు డ్రాక్స్ మనకన్నా ముందు వెయ్యాలి, వాడు ఏది వేస్తే దానికి ఒక మెట్టు పైది మనం వేస్తాం. ఈ ట్రిక్కుని ఫినెస్ అంటారు. డ్రాక్స్ దగ్గర మూడు తురుపులున్నాయి కాబట్టి ఇలా రెండుసార్లు చెయ్యాలి, మూడోసారి ఆసుకి రాజు పడుతుంది. అంటే డమ్మీ చేతికి రెండుసార్లు వెళ్లాలి. కానీ ఎమ్ చేతిలో ఒక్క పెద్ద ముక్క లేదు, ఎలా వెళ్తాం?

డైమన్లు కట్ చేసి వెళ్తాం. ఎమ్ దగ్గర డైమన్లు లేవుగా. మనం డైమను వేస్తే డమ్మీ చిన్న తురుపుతో కట్ చేస్తుంది, ట్రిక్కు డమ్మీది. ఒకసారి కట్ చేస్తే డ్రాక్స్ డైమన్లలో ఒకటి పడుతుంది, రెండోసారికి రెండోది కూడా పడుతుంది. డమ్మీకి రెండు ట్రిప్పులు కావాలి, డైమన్లకి రెండు కట్‌లు కావాలి. ఒకే బస్సు టికెట్‌తో రెండు పనులూ అయిపోతున్నాయి.

డ్రాక్స్ పార్ట్‌నర్ మేయర్ మొదటి ముక్క డైమనే వేశాడనుకుందాం. డమ్మీ కట్, డ్రాక్స్ డైమను రాజు పోయింది. వెంటనే తురుపు: డ్రాక్స్ తొమ్మిది, మనం పది. మళ్లీ డైమను, డమ్మీ కట్, ఆసు పోయింది. వెంటనే తురుపు: జాకీ మీద రాణి. ఇప్పుడు ఆసు, దాని కింద రాజు. ఐదు ట్రిక్కులైపోయాయి. మన చేతిలో డైమన్లు ఆరు, తురుపులు రెండు. మేయర్ దగ్గర మిగిలిన ఒక్క డైమను మన రాణికి పడిపోతుంది. మిగతా ఎనిమిదీ మనవే. పదమూడు.

ఇక్కడ ‘వెంటనే’ అన్నానే, అదే ప్లాన్. డమ్మీ చేతికి వెళ్లిన ప్రతిసారీ తురుపు వెయ్యాల్సిందే. ఒక్కసారి కంగారులో డమ్మీ నుంచి ఆటీను వేసి మన చేతిలో కట్ చేశామనుకోండి, ఏమీ పోయినట్టు కనపడదు, ఆ ట్రిక్కు కూడా మనదే. కానీ ఒక ట్రిప్పు వృథా అయింది. మళ్లీ డమ్మీకి వెళ్దామని మూడో డైమను వేసేసరికి డ్రాక్స్ దగ్గర డైమన్లు ఉండవు, డమ్మీ చిన్న తురుపు మీద వాడు జాకీ వేసి కొట్టేస్తాడు. ట్రిక్కు పోయేది ఏడో నిమిషంలో, తప్పు జరిగేది రెండో నిమిషంలో. స్లామ్‌లు దాదాపుగా ఇలాగే పోతాయి.

అలాగే మన ఆసు మీద మోజుతో మొదటే తురుపు ఆసు వేసినా అంతే. తొమ్మిది పడుతుంది, రాజూ జాకీ వాడి చేతిలో క్షేమంగా ఉంటాయి, ఒకటి తప్పకుండా కొడుతుంది.

ఇప్పుడు డ్యూక్ ముక్కల్నీ డ్రాక్స్ ముక్కల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఏం మారింది? డ్యూక్‌కి తురుపులు నాలుగు, డ్రాక్స్‌కి మూడు. మోసగాడికి తురుపులు నాలుగు, బాండ్‌కి ఐదు. ఒక్క తురుపు అటు నుంచి ఇటు జరిగింది. అంతే కదా అనిపిస్తుంది గానీ, మొత్తం రహస్యం అందులోనే ఉంది. విస్ట్ కథలో మొదటి ముక్క డ్యూక్‌దే, ఆయన తురుపు వేస్తేనే మోసం పండుతుంది. బ్రిడ్జ్‌లో మొదటి ముక్క వేలం గెలిచినవాడికి ఎడమ పక్కన ఉన్నవాడిది, అంటే మేయర్‌ది. మేయర్ దగ్గర తురుపే లేదు, బాండ్‌కి ఎవరూ ఉచితంగా ఫినెస్ ఇవ్వరు. అందుకని డ్రాక్స్‌కి ఒక తురుపు తగ్గించి బాండ్‌కి ఒకటి పెంచారు. ఇప్పుడు మేయర్ ఇస్పేటు వేసినా, ఆటీను వేసినా, బాండ్ ఒక తురుపుతో కట్ చేసి కూడా తట్టుకోగలడు. మీరు పేక పరిచి ఆడి చూడండి, మేయర్ ఏ ముక్క వేసినా పదమూడూ వస్తాయి. పాత ఉచ్చుకి ఉన్న చిల్లు కొత్త ఉచ్చులో పూడ్చేశారు. నవల చదివేవాళ్లు ఎవరూ దీన్ని గమనించకపోయినా కథ నడిచేది, అయినా లెక్క సరిగ్గా ఉంది.

కానీ ఫ్రెండ్స్, బాండ్‌కి ఒక లాభం ఉంది. పేక సర్దింది వాడే. ఏ ముక్క ఎక్కడుందో తెలుసు. నిజం ఆటలో ఆ రాజు ఎవరి చేతిలో ఉందో ఎవరు చెబుతారు?

అందుకే 1975కి వెళ్దాం. ప్రపంచ జట్ల ఛాంపియన్‌షిప్ పేరు బెర్ముడా బౌల్. 1950లో బెర్ముడాలోనే మొదలైంది, పాతికేళ్లకి మళ్లీ అక్కడే జరిగింది. ఫైనల్‌లో ఇటలీ, ఉత్తర అమెరికా. ఇటలీ జట్టుని బ్లూ టీమ్ అనేవారు, 1957 నుంచి దాదాపు ప్రతిసారీ వాళ్లే. వాళ్లలో జార్జియో బెల్లడోన్నా, బెనిటో గరొజ్జో జంట అంటే మన పాత క్రికెట్‌లో బేడీ, ప్రసన్నలాగా అనుకోండి.

ఆ ఏడు గొడవ కూడా మామూలుగా జరగలేదు. పార్ట్‌నర్ల ముఖాలు ఒకరికొకరు కనపడకుండా బల్ల మీద తెర పెట్టడం ఈ టోర్నమెంట్‌లోనే మొదలైంది. ముఖం కనపడకపోతే ఏం, కాళ్లున్నాయిగా. ఇటలీలోని ఒక జంట బల్ల కింద కాళ్లతో సైగలు చేసుకుంటున్నారని ఫిర్యాదు వచ్చింది. అధికారులు వాళ్లని గట్టిగా మందలించి వదిలారు, ఆ తర్వాత బల్లల కింద అడ్డంగా చిన్న చిన్న కాఫీ టేబుళ్లు పెట్టారు. బెల్లడోన్నా, గరొజ్జోలకి ఆ గొడవతో సంబంధం లేదు. కానీ ఫైనల్ ఎలాంటి వాతావరణంలో జరిగిందో అర్థం కావాలని చెబుతున్నా.

జట్ల పోటీల్లో ఒకే పంపకం రెండు బల్లల మీద ఆడతారు. ఒక బల్ల మీద ఆ ముక్కలు మన జట్టువి, రెండో బల్ల మీద అవే ముక్కలు ఎదుటి జట్టువి. అదృష్టం కొట్టేస్తుంది, ఆట మిగులుతుంది. మన దేశానికి చెందిన ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ 2018 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బ్రిడ్జ్ బంగారు పతకం గెలిచింది పెయిర్స్‌లో, అక్కడా ఇదే పద్ధతి, ఒకే ముక్కలు అందరికీ.

ఫైనల్‌లో 96 పంపకాలు. అమెరికా ముందు బాగా ఆధిక్యంలో ఉంది, ఇటలీ మెల్లిగా దాన్ని తినేసింది. 92వ పంపకం. ఒక బల్ల మీద అమెరికా జంట హ్యామన్, వుల్ఫ్ తురుపు లేకుండా స్మాల్ స్లామ్ పాడి, 12 ట్రిక్కులు పట్టి, 1440 స్కోర్ తెచ్చుకున్నారు. తెలివైన, క్షేమమైన చోట ఆగారు. రెండో బల్ల మీద అవే ముక్కలతో ఇటలీ జంట పాడుతూ పాడుతూ, ఒకరి సంకేతం ఒకరికి సరిగ్గా అందక, సెవెన్ క్లబ్స్ దాకా వెళ్లిపోయారు. తురుపు రాజు వాళ్ల దగ్గర లేదు. ఏడుకి పాడకూడని చేతులతో ఏడు పాడారు.

ఆడాల్సింది బెల్లడోన్నా. బాండ్ పాడింది కూడా ఇదే కాంట్రాక్ట్, సెవెన్ క్లబ్స్. బాండ్‌కి లోటు కూడా ఇదే, తురుపు రాజు. తేడా ఏంటంటే, ఇక్కడ రాజు ఎడమవాడి దగ్గరుందో కుడివాడి దగ్గరుందో తెలీదు.

ఇలాంటి చోట ప్లాన్ తలకిందులుగా వెయ్యాలి. ‘రాజు ఎక్కడుంది?’ అని అడగకూడదు. ‘రాజు ఎక్కడ ఉంటే నేను గెలుస్తాను?’ అని అడగాలి. జవాబు ఒకటే చోటు అయితే, అది అక్కడే ఉందని నమ్మేసి మిగతాదంతా ఆ నమ్మకం మీద ఆడాలి. వేరే చోట ఉంటే ఎలాగూ పోతుంది, దాని గురించి బాధపడటం టైమ్ వేస్ట్. రాజు ఫినెస్‌కి దొరికేవాడి దగ్గరుండాలి. ఉండటమే కాదు, దానికి తోడుగా ఒక్క ముక్కే ఉండాలి, లేకపోతే ఆసుకి రాజు పడదు.

ఆ స్థానంలో ఉన్నది ఎడ్డీ కాంటర్. అతని పార్ట్‌నర్ బిల్లీ ఐసెన్‌బర్గ్. కాంటర్ చేతిలో తురుపులు రెండే: రాజు, పది. వేలం వింటూ కూర్చున్నప్పుడు ఆ రాజుని చూసుకుని అతనికి ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి. పదమూడూ పడతామని ఎదుటివాళ్లు చెబుతున్నారు, తురుపు రాజు తన చేతిలో ఉంది, ప్రపంచ కప్పు ఇంకో నాలుగు పంపకాల దూరంలో ఉంది.

తురుపు వచ్చింది. కాంటర్ తడుముకోకుండా పది వేశాడు. బెల్లడోన్నా రాణి వేశాడు. ఐసెన్‌బర్గ్ దగ్గర రాజు లేదు, రాణి నిలబడింది. తర్వాత ఆసు. కాంటర్ చేతిలో ఇంక ఒక్క తురుపే ఉంది, దాన్నే వెయ్యాలి. రాజు పడింది.

స్కోరు 2140. రెండో బల్ల 1440. తేడా 700, మ్యాచ్ లెక్కలో ఇటలీకి 12 పాయింట్లు. అదే ఒక్క ట్రిక్కు తగ్గి ఉంటే అమెరికాకి 17 వచ్చేవి. అటు 12, ఇటు 17, కలిపి 29. ఆఖరికి ఇటలీ ఫైనల్ గెలిచిన తేడా 29 కన్నా తక్కువ. బెల్లడోన్నాకి అది 13వ బెర్ముడా బౌల్. హ్యామన్, వుల్ఫ్ తమ బల్ల మీద ఏ తప్పూ చెయ్యలేదు.

ఆ ఒక్క రాజు కాంటర్ చేతిలో కాకుండా, బల్లకి అవతల, ఐసెన్‌బర్గ్ చేతిలో పడి ఉంటే ఆ ఏడాది కప్పు అమెరికాది.